‘పంపాలి’ అంటే మస్టా, షుడ్డా? మోడల్ వెర్బ్స్‌తో నా తిప్పలు

#1 వానచినుకు, హైదరాబాద్

అందరికీ నమస్కారం. ఉద్యోగంలో చేరి ఆరేళ్లయ్యాక మోడల్ వెర్బ్స్ (ఇంగ్లీషులో కెన్, మే, మస్ట్, వుడ్ లాంటి సహాయక క్రియలు) గురించి అడగాలంటే కాస్త సిగ్గుగానే ఉంది. కానీ ఈ వారం జరిగింది చూశాక అడగక తప్పడం లేదు.

నేను పేరోల్ పని చేస్తాను. క్లయింటు లండన్‌లో ఉంటారు. నెలనెలా వాళ్ల దగ్గర్నుంచి హాజరు షీటు వస్తేనే ఇక్కడ జీతాల లెక్క మొదలవుతుంది. ఈసారి షీటు ఆలస్యమైంది, మెయిల్ పెట్టాను. మనసులో అనుకున్నది తెలుగులోనే: "మీరు శుక్రవారం లోపు షీటు పంపాలి. ఏమైనా డౌట్స్ ఉంటే నాకు ఫోన్ చేయొచ్చు." దాన్నే ఇలా రాశాను:

"యూ మస్ట్ సెండ్ ది షీట్ బై ఫ్రైడే. యూ కెన్ కాల్ మీ ఇఫ్ యూ హ్యావ్ ఎనీ డౌట్స్."

గంటలో జవాబు వచ్చింది, మా మేనేజర్‌ని కూడా కాపీలో పెట్టి: "నోటెడ్. ఐ వాజ్ నాట్ అవేర్ దట్ ఐ రిపోర్ట్ టు యూ."

మేనేజర్ పిలిచి "మస్ట్ రాయకమ్మా, కుడ్, వుడ్ వాడు, మర్యాదగా ఉంటుంది" అన్నారు. సరేనని సాయంత్రం ఇంకో మెయిల్‌లో ఒళ్లు దగ్గర పెట్టుకుని "ఐ వుడ్ సెండ్ యూ ది రిపోర్ట్ టుమారో" అని రాశాను. దానికి ఆయన జవాబు: "యూ వుడ్, ఇఫ్ వాట్?"

అటు మస్ట్ రాసినా తప్పే, ఇటు వుడ్ రాసినా తప్పే. పుస్తకం తీస్తే కెన్ అంటే సామర్థ్యం, మే అంటే అనుమతి, మస్ట్ అంటే తప్పనిసరి అని ఉంది. అది చదివే కదా నేను మస్ట్ రాసింది! ఏది ఎక్కడ వాడాలో మీరంతా ఎలా తేల్చుకుంటారు?

#2 గోంగూర_65

"యూ వుడ్, ఇఫ్ వాట్?" దగ్గర టీ ముక్కులోంచి వచ్చింది. ఆయన పోయిన జన్మలో మా ఇంగ్లీషు సారు అయి ఉంటాడు. నాకు సమాధానం తెలీదండీ, కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

#3 సెమికోలన్, బెంగళూరు

మా లోకంలో ఈ గొడవకు ఒక తీర్పు ఉంది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ల కోసం 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2119 అని చిన్న పత్రం తెచ్చారు. మస్ట్ అంటే చేసి తీరాలి. షుడ్ అంటే చేయాలి, కానీ గట్టి కారణం ఉండి, మానేస్తే ఏమవుతుందో తెలిసి మానొచ్చు. మే అంటే నీ ఇష్టం. అయినా గొడవ ఆగలేదు, పెద్ద అక్షరాల్లో రాసినప్పుడే ఈ అర్థాలు వర్తిస్తాయని 2017లో ఇంకో పత్రంతో చెప్పాల్సి వచ్చింది.

కొత్తలో నేను షుడ్‌ని "చేస్తే మంచిది, చేయకపోయినా నడుస్తుంది" అని చదువుకుని వదిలేశాను. అవతలి సర్వర్ జవాబు ఇవ్వకపోతే కాసేపాగి మళ్లీ అడగాలి, ఆ ఆగే సమయం ప్రతిసారీ పెరగాలి. ఆ "పెరగాలి" దగ్గర షుడ్ ఉంది. నేను పెంచలేదు. ఒక రాత్రి మా ప్రోగ్రాములన్నీ సెకనుకోసారి తలుపు కొట్టి అవతలి సర్వర్‌ని పడుకోబెట్టాయి. తెల్లారి కారణం చెప్పమంటే నా దగ్గర కారణం లేదు.

మీ క్లయింటు మీ మెయిల్‌ని ఇలాంటి స్పెసిఫికేషన్‌లాగే చదివాడు, అంతే.

#4 పాత_సుద్దముక్క, తెనాలి

వానచినుకమ్మా, ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పాను కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టు.

పుస్తకం అబద్ధం చెప్పలేదు, సగం చెప్పి ఊరుకుంది. అసలు చిక్కు మన "పంపాలి" చివర ఉండే "ఆలి" దగ్గరుంది. "రేపటికల్లా ఫైలు నా టేబుల్ మీద ఉండాలి" అని ఆఫీసరు గద్దించినా ఆలే. "మీరే మమ్మల్ని కాపాడాలి సార్" అని చేతులు జోడించినా ఆలే. "ఎండలో వచ్చారు, మజ్జిగ తాగాలి మీరు" అని బలవంతపెట్టినా ఆలే. మాట ఒకటే, గొంతు మారుతుంది. మనం ఆ గొంతును విని అర్థం చేసుకుంటాం. ఇంగ్లీషులో ఆ బరువు చాలావరకు మోడల్ మీదే పడుతుంది, పైగా మెయిల్‌లో గొంతు వినపడదు.

కాబట్టి "పంపాలి" అనుకోగానే కలం పెట్టకు. ఆ ఒత్తిడి ఎక్కణ్ణుంచి వస్తోందో చూడు. నా నోటి నుంచి, నా అధికారం నుంచి వస్తే మస్ట్. బయటి నుంచి, అంటే రూలో, గడువో, డాక్టరో పెడితే హ్యావ్ టు. "ఐ మస్ట్ స్టాప్ స్మోకింగ్" అన్నవాడు తనంతట తాను అనుకున్నాడు. "ఐ హ్యావ్ టు స్టాప్" అన్నవాడికి ఎవరో చెప్పారు. పని జరగడానికి కావలసింది అయితే నీడ్ టు. నా సలహా మాత్రమే అయితే షుడ్. నువ్వు రాసిన మస్ట్‌లో ఒత్తిడి నీదైపోయింది. నిజానికి ఆ ఒత్తిడి జీతాల తేదీది.

రెండో చిట్కా. ఏ మాటనైనా తెలుగులో తిరగేసి చూడు. "పంపాలి"కి వ్యతిరేకం ఏంటి? ఒకటి కాదు, రెండున్నాయి: "పంపకూడదు", "పంపనక్కర్లేదు". మొదటిది మస్ట్ నాట్. రెండోది నీడ్ నాట్, లేకపోతే డోంట్ హ్యావ్ టు. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లు చాలామంది మస్ట్ నాట్‌నీ, డోంట్ హ్యావ్ టునీ కలిపేస్తారు. మనకు ఆ బాధ ఉండకూడదు, ఎందుకంటే మన భాషలోనే ఆ రెండూ విడివిడిగా ఉన్నాయి. అయినా తప్పు చేస్తున్నామంటే మనం తెలుగులోంచి రావట్లేదు, గైడులోని పట్టికలోంచి వస్తున్నాం.

వుడ్ సంగతి. "పంపుతాను" అంటే విల్. "పంపేదాన్ని" అంటే వుడ్. నువ్వు రాసిన వాక్యాన్ని వెనక్కి తెలుగులో పెట్టు: "రేపు మీకు రిపోర్టు పంపేదాన్ని." ఈ మాట మీ అమ్మగారితో అను, "మరి ఇప్పుడేమొచ్చింది, పంపవా?" అంటుందా, అనదా? మీ క్లయింటు అడిగిందీ అదే.

#5 వానచినుకు

మాస్టారూ, "పంపేదాన్ని" చదివి ఒక నిమిషం అలా ఉండిపోయాను. ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. మా ఆఫీసులో అందరూ "ది మీటింగ్ వుడ్ బి హెల్డ్ ఆన్ మండే" అనే రాస్తారు. అదీ తప్పేనా?

#6 పాత_సుద్దముక్క

సోమవారం మీటింగు ఖాయమైతే విల్ బి హెల్డ్. "మీటింగు సోమవారం జరుగుతుందని శుక్రవారం చెప్పారు" అని తర్వాత ఎప్పుడో చెప్పేటప్పుడు వుడ్ వస్తుంది: "దే సెడ్ ఇట్ వుడ్ బి హెల్డ్ ఆన్ మండే." వుడ్ పెడితే మర్యాద పెరుగుతుందని మనవాళ్లకు ఒక నమ్మకం. మర్యాద అడిగేటప్పుడు పెరుగుతుంది, చెప్పేటప్పుడు కాదు. "వుడ్ యూ సెండ్ ఇట్" మర్యాదే. "ఐ వుడ్ సెండ్ ఇట్" అంటే మాత్రం వెనక ఇఫ్ ఒకటి వేలాడుతుంది.

#7 ఓరుగల్లు_రవ్వ, వరంగల్

మాస్టారు గారూ నమస్తే. డీఎస్సీకి చదువుతున్న. ఈ చర్చ నా కోసమే పెట్టినట్టున్నది.

మీ తిరగేసే చిట్కాతోని హాల్ టికెట్ వెనక ఉండే సూచనలు చదివి చూసిన. "ఫోన్ తేకూడదు" మస్ట్ నాట్. "రఫ్ పని కోసం కాగితం తేనక్కర్లేదు, అక్కడే ఇస్తారు" నీడ్ నాట్. మొదటిది తప్పితే బయటికి పంపిస్తరు, రెండోది తప్పితే బ్యాగు బరువు, గంతే. ఇగ మర్చిపోను.

నాకు కుడ్ దగ్గర తిప్పలు. ప్రాక్టీసు పేపర్ల "నిన్న ఉరికి బస్సు అందుకున్న" అనే అర్థంలో ఒక బిట్టు వచ్చింది. "ఐ కుడ్ క్యాచ్ ది బస్" పెట్టిన, తప్పన్నరు. వాజ్ ఏబుల్ టు అంట. కెన్‌కి పాస్ట్ కుడ్ కాదా? ఇంకోటి, మా రూమ్మేటు "ఐ కెన్ ఏబుల్ టు డూ" అంటడు, అది తప్పని తెలుసు కానీ ఎందుకో చెప్పలేకపోతున్న.

#8 పాత_సుద్దముక్క

రవ్వా, రెండోది ముందు. కెన్ అంటేనే "గలను". ఏబుల్ టు అన్నా "గలను". "చేయగలనగలను" అంటామా? అనం. రూమ్మేటుకు అదే చెప్పు. ఆ చేత్తోనే ఇంకోటి కూడా చెప్పు: మోడల్ పక్కన టు రాదు, హీ వచ్చినా ఎస్ తగలదు. "హీ కెన్స్ టు స్విమ్" అని ఒకడు రాస్తే నేను ఆ కాగితం దాచుకున్నాను.

ఇప్పుడు నీ బస్సు. తెలుగులో రెండు మాటలు పక్కపక్కన పెట్టు. "చిన్నప్పుడు నేను చెరువు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈదగలిగేవాణ్ణి." "నిన్న ఉరికి బస్సు అందుకోగలిగాను." గలిగేవాణ్ణి, గలిగాను, తేడా వినపడుతోందా? మొదటిది అప్పట్లో ఎప్పుడైనా చేయగల శక్తి, అది కుడ్. రెండోది ఒక్కసారి, ఆ పూట జరిగిపోయిన పని, అది వాజ్ ఏబుల్ టు. మ్యానేజ్డ్ టు అన్నా సరే. ఇంగ్లీషులో విడిగా నేర్పాల్సిన సూత్రం మన క్రియ చివర్లోనే ఉంది, మన పిల్లలకు దాన్ని చూపించేవాళ్లు తక్కువ.

ఒక మినహాయింపు. అందుకోలేకపోతే ఈ భేదం లేదు. "ఐ కుడంట్ క్యాచ్ ది బస్" ఒక్కసారి జరిగినదానికైనా హాయిగా వాడుకో.

కుడ్ స్పెల్లింగులో ఎల్ ఎందుకుందో తెలుసా? ఆ ఎల్ కుడ్‌కి పుట్టుకతో వచ్చింది కాదు. వుడ్‌కీ షుడ్‌కీ విల్, షల్‌ల నుంచి న్యాయంగా వచ్చిన ఎల్ ఉంది. వాటిని చూసి దీనికీ తగిలించారు. పక్కింటివాళ్లు గేటుకు రంగేశారని మనమూ వేసినట్టు.

#9 నైట్_డ్యూటీ, ఇంగ్లండ్

నేను ఇక్కడ నర్సుగా పని చేస్తున్నాను. మే గురించి నాది ఒక అనుభవం, ఇప్పటికీ తలుచుకుంటే చెమట పడుతుంది.

డ్యూటీ అప్పగించేటప్పుడు నోట్సులో ఒక పెద్దావిడ గురించి "షీ మే నాట్ ఈట్ టునైట్" అని రాశాను. నా ఉద్దేశం: ఆకలి లేదంటోంది, రాత్రికి తినకపోవచ్చు, కాస్త బతిమాలి తినిపించండి అని. తర్వాత వచ్చినామె చదివింది వేరు: ఈవిడకు తిండి పెట్టకూడదు అని. ఉదయం ఏదైనా స్కాన్ ఉందేమో అనుకుని భోజనం ట్రే వెనక్కి పంపేసింది. పెద్దావిడ రాత్రంతా టీతో గడిపింది. పెద్ద ప్రమాదం జరగలేదు కానీ, ఆవిడకు షుగర్ ఉండి ఇన్సులిన్ వేసి ఉంటే?

మే నాట్‌కి ఆ రెండు అర్థాలూ ఉన్నాయి. మాస్టారు చెప్పినట్టు తెలుగులో అయితే "తినకపోవచ్చు", "తినకూడదు" అని రెండూ వేరు. ఆ రోజు నుంచి నేను నోట్సులో మే నాట్ రాయను. తినకూడదంటే ఇక్కడ అందరూ వాడే "నిల్ బై మౌత్" రాస్తాను. తినకపోవచ్చు అంటే "మైట్ నాట్ ఫీల్ లైక్ ఈటింగ్" అని రాస్తాను. మైట్ నాట్‌ని నిషేధం అనుకునేవాళ్లు ఉండరు.

కెన్ దగ్గర కూడా మనవాళ్లు ఒకచోట జారిపోతారు. "రేపు వాన పడొచ్చు" అన్నదాన్ని "ఇట్ కెన్ రెయిన్ టుమారో" అంటాం. "ఇక్కడ కూర్చోవచ్చు"లో ఉన్న వచ్చు, "వాన పడొచ్చు"లో ఉన్న వచ్చు ఒకటే కదా అని. రేపటి సంగతి తెలియక చెప్పే వచ్చుకి మే, మైట్, కుడ్ మాత్రమే. కెన్ ఎప్పుడంటే, ఒక వస్తువు స్వభావమే అది అన్నప్పుడు: "హైదరాబాద్‌లో మార్చిలో కూడా వడగళ్లు పడొచ్చు, చూశాం కదా" అంటే అక్కడ కెన్.

#10 వానచినుకు

@నైట్_డ్యూటీ అక్కా, "నాకు ఫోన్ చేయొచ్చు" అని నేను "యూ కెన్ కాల్ మీ" రాశాను కదా. అందులో కూడా తప్పుందా? మస్ట్ గొడవలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

#11 నైట్_డ్యూటీ

గ్రామర్ తప్పు లేదమ్మా. కానీ పైన మస్ట్ ఉండేసరికి దీన్ని కూడా "సరే, నాకు ఫోన్ చేయడానికి అనుమతిస్తున్నాను" అన్నట్టు చదువుకుని ఉంటాడు. "యూ మే కాల్ మీ" అని రాసి ఉంటే ఇంకా ఘోరం, మహారాణి అనుమతి ఇచ్చినట్టు ఉంటుంది. "ప్లీజ్ కాల్ మీ" చాలు, ఏ మోడలూ వద్దు. ఇంకో సంగతి, డౌట్స్ అంటే వీళ్లు అనుమానాలు అనుకుంటారు. నా మీద నమ్మకం లేకపోతే ఫోన్ చెయ్ అన్నట్టుంది. క్వశ్చన్స్ అని రాయి.

#12 గోంగూర_65

ఒక్క మెయిల్‌లో ఇన్ని యుద్ధాలా! "మే ఐ కమిన్ సార్" అని మా చేత పదేళ్లు పాడించారు కదా, "కెన్ ఐ కమిన్" అంటే ఒక సారు "నీకు కాళ్లున్నాయి, రాగలవు, అనుమతి అడుగు" అని గుమ్మంలోనే నిలబెట్టేవారు. అది మాత్రం నిజమేనా?

#13 అట్లాంటా_పీచు, జార్జియా

ఇక్కడ మా పాప స్కూల్లో అందరూ "కెన్ ఐ" అనే అడుగుతారు, ఏ టీచరూ కాళ్ల గురించి మాట్లాడదు. ఇంటర్వ్యూలో, పెద్దవాళ్ల ముందు మే ఐ అంటే కొంచెం ఎక్కువ మర్యాద, అంతే.

నేను వచ్చింది వేరే పని మీద. జాబితాలో ఎవరూ చెప్పని ఒక మందుపాతర ఉంది: బెటర్. మనం తెలుగులోనే "ఈరోజే పంపితే బెటర్", "డాక్టర్‌ని కలిస్తే బెటర్" అంటాం. ఎంత మెత్తటి మాట! వచ్చిన కొత్తలో నా టీమ్‌లోని ఒక పెద్దాయనకు "యూ బెటర్ సెండ్ ఇట్ టుడే" అని చాట్‌లో పెట్టాను. ఆయన నా డెస్క్ దగ్గరికొచ్చి "ఆర్ ఎల్స్?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. హ్యాడ్ బెటర్ అంటే ఇంగ్లీషులో బెదిరింపుకి ఒక అంగుళం దూరం: పంపావా సరే, లేదా నీ సంగతి చూస్తా అని. పిల్లలకి "యూ బెటర్ ఫినిష్ యువర్ హోమ్‌వర్క్" అంటారు చూడండి, అది. మన "చేస్తే బెటర్"కి "ఇట్ వుడ్ బి బెటర్ ఇఫ్" అని సాగదీయాలి, లేదా "ఇట్ మైట్ హెల్ప్ టు" అనాలి.

ఇంకో వింత. రెండు మోడల్స్ పక్కపక్కన రావని మాస్టార్లు చెబుతారు కదా. మా కారు బాగు చేసే ఆయన ఈ ఊరి మనిషే, "ఐ మైట్ కుడ్ ఫిక్స్ ఇట్ బై థర్స్‌డే" అంటాడు. మొదట్లో ఆయనకు ఇంగ్లీష్ రాదేమో అనుకున్నాను, ఎంత పొగరు! అమెరికా దక్షిణాదిన, స్కాట్లండ్‌లో కొన్ని చోట్ల అది తరతరాల వాడుక. "గురువారానికి చేయగలనేమో" అని మనం అన్నట్టే. పరీక్షలో మాత్రం రాయకండి.

#14 ప్లీడర్_గుమ్మం, రాజమహేంద్రవరం

షల్ గురించి ఎవరూ ఎత్తలేదేం? మా బతుకంతా షల్ మీదే. జీవోల తెలుగులో చూడండి, షల్‌కి "చేయవలెను", మేకి "చేయవచ్చును". చూడ్డానికి స్పష్టంగా ఉంటుంది. కోర్టుకు వెళ్తే అంత స్పష్టం కాదు.

రాజ్యాంగం 320(3)(సి)లో, ఉద్యోగి మీద క్రమశిక్షణ చర్యల విషయంలో పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ని "షల్ బి కన్సల్టెడ్" అని ఉంది. సంప్రదించవలెను. ఉత్తరప్రదేశ్‌లో ఒక ఉద్యోగి తన విషయంలో ఆ సంప్రదింపు సరిగా జరగలేదు కాబట్టి చర్య చెల్లదన్నాడు. 1957లో సుప్రీంకోర్టు ఏమందంటే, ఇక్కడ షల్ ఉన్నా అది తప్పనిసరి కాదు, సంప్రదించనంత మాత్రాన చర్య చెల్లకుండా పోదు అని. ఇటు మే అని ఉన్న చోట, ఆ అధికారం జనం హక్కుకు ముడిపడి ఉంటే, "ఈ మేని షల్‌లా చదవాలి" అని తీర్పులున్నాయి. మా సీనియరు గారు ఫైలు తెరవగానే ముందు షల్‌ల కింద ఎర్ర గీత, మేల కింద నీలం గీత గీస్తారు. వాదనంతా ఆ రెండు రంగుల మధ్యే.

#15 ఓరుగల్లు_రవ్వ

షల్ అంటే యాదికొచ్చింది. ఐ, వీ వస్తే షల్, మిగిలినవాటికి విల్ అని మా కోచింగ్‌ల చెప్తున్నరు. గట్టిగ చెప్పాలంటే తారుమారు చేయాలె అంట. ఇది నిజంగ ఎవరైనా పాటిస్తరా?

#16 అట్లాంటా_పీచు

ఎవరూ పాటించరు తమ్ముడూ. ఇరవై ఏళ్లుగా ఇక్కడున్నాను. షల్ నేను విన్నది "షల్ వీ గో?" అనేటప్పుడు, కాంట్రాక్టు కాగితాల్లో, అంతే. ఆ సూత్రమే నిజమైతే 1942లో ఫిలిప్పీన్స్ వదిలి ఆస్ట్రేలియా చేరిన అమెరికా జనరల్ మెకార్థర్ "ఐ షల్ రిటర్న్" అన్నది మామూలు సమాచారం అవ్వాలి, "సాయంత్రం బస్సుకి వస్తా" అన్నట్టు. విన్నవాళ్లకు అది శపథంలాగే వినపడింది. మాస్టార్లు ఇంకా ఎందుకు పట్టుకుని వేలాడుతున్నారో నాకు తెలీదు.

#17 పాత_సుద్దముక్క

వేలాడుతున్న మాస్టరుని నేనే కాబట్టి జవాబు చెప్పుకోవాలి.

ఆ సూత్రం పెట్టిన జాన్ వాలిస్ వృత్తికి లెక్కల పండితుడు. మనం అనంతానికి వాడే, పడుకున్న ఎనిమిది లాంటి గుర్తు ఆయన తెచ్చిందే. 1653లో ఆయన ఇంగ్లీషుకి ఒక వ్యాకరణం రాశాడు, అది కూడా లాటిన్‌లో, విదేశీయుల కోసం. ఐ షల్ అంటే ఊరికే జరగబోయేది చెప్పడం, ఐ విల్ అంటే మాటివ్వడం లేదా బెదిరించడం; యూ, హీ దగ్గరికొస్తే తలకిందులు. లెక్కల మనిషి కదా, చక్కగా తూకం వేసినట్టుంది. దాని మీద ఒక పాత హాస్యం క్లాసులో చెప్పేవాణ్ణి. నీళ్లలో పడ్డ పరాయి దేశస్థుడు "ఐ విల్ డ్రౌన్, నోబడీ షల్ సేవ్ మీ!" అని అరిచాడట. గట్టున ఉన్న వ్యాకరణ పండితులు "మునిగి తీరుతానంటున్నాడు, ఎవరూ కాపాడకూడదంటున్నాడు" అని టోపీలు తీసి నమస్కరించి వెళ్లిపోయారట.

పిల్లలు నవ్వేవాళ్లు. తర్వాత పరీక్షలో ఐ పక్కన షల్ పెట్టనివాళ్లకు నేను మార్కు కోసేవాణ్ణి. పీచు గారు చెప్పింది నిజం, మాట్లాడే ఇంగ్లీషులో ఆ సూత్రం లేదు. రవ్వా, పరీక్ష వరకు గుర్తుంచుకో, నియామక పత్రం చేతికొచ్చాక మర్చిపో. కోసిన ఆ మార్కులు ఇప్పుడు వెనక్కి ఇవ్వలేను.

#18 గోంగూర_65

మాస్టారూ, నా మొదటి పోస్టులో "మా ఇంగ్లీషు సారు అయి ఉంటాడు" అన్నాను. దాన్ని ఇంగ్లీషులో ఎలా అంటారు? ఇక్కడ కూర్చుని కూర్చుని నాకూ జబ్బు అంటుకుంది.

#19 పాత_సుద్దముక్క

అయి ఉంటాడు: మస్ట్ హ్యావ్ బీన్. అయి ఉండొచ్చు: మైట్ హ్యావ్ బీన్. అయి ఉండడు: కాంట్ హ్యావ్ బీన్. అయి ఉండాల్సింది, కాలేదు: షుడ్ హ్యావ్ బీన్. అయ్యేవాడే, అవకాశం రాలేదు: వుడ్ హ్యావ్ బీన్. ఈ ఐదూ నీ ఒక్క జోకులోంచి వచ్చాయి.

వుడ్ ఎత్తాను కాబట్టి ఇది కూడా. "సెలవుల్లో మామయ్య వాళ్లూరు వెళ్లేవాళ్లం" అంటే వుడ్ గో అనొచ్చు, యూజ్డ్ టు గో అనొచ్చు. "పెరట్లో వేపచెట్టు ఉండేది" అంటే మాత్రం యూజ్డ్ టు బి ఒక్కటే. చెట్టు అక్కడ నిలబడి ఉంది, మళ్లీ మళ్లీ చేసిన పనేమీ లేదు. పిల్లలు "దేర్ వుడ్ బి ఎ నీమ్ ట్రీ" అని రాస్తారు, చదివితే చెట్టు నాటబోతున్నట్టుంటుంది.

#20 సెమికోలన్

నాదొకటి చేర్చండి. "చేయలేం"కీ "చేయం"కీ తేడా మనకు పుట్టుకతో తెలుసు. పెళ్లికి "రాలేను" అన్నవాణ్ణి క్షమిస్తాం, "రాను" అన్నవాణ్ణి క్షమించం. కానీ మెయిల్‌లో మావాళ్లు "వీ విల్ నాట్ డూ దిస్ బై మండే" అని రాసేస్తారు. వాళ్ల ఉద్దేశం సోమవారానికి అవదు అని. అవతలివాళ్లు చదివేది "చేయం పొండి" అని. బగ్‌లు నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌లో "వోంట్ ఫిక్స్" అని ఒక ముద్ర ఉంటుంది, దానర్థం బాగు చేయలేమని కాదు, చేయదలచుకోలేదని. "వీ వోంట్ బి ఏబుల్ టు" అని రెండు మాటలు ఎక్కువ రాస్తే చాలు.

#21 వానచినుకు

ఇదంతా చదివి, శుక్రవారం షీటు కోసం మళ్లీ రాయాల్సిన మెయిల్ కొట్టాను. పంపే ముందు చూడండి:

"కుడ్ యూ ప్లీజ్ సెండ్ ది షీట్ బై ఫ్రైడే? వీ షుడ్ ప్రాసెస్ ది శాలరీస్ దట్ ఈవెనింగ్. ప్లీజ్ కాల్ మీ ఇఫ్ యూ హ్యావ్ ఎనీ క్వశ్చన్స్."

#22 నైట్_డ్యూటీ

మొదటి లైను, చివరి లైను బావున్నాయి. మధ్యలో షుడ్ తీసెయ్. షుడ్ అంటే "చేయాలి మరి, చేస్తామో లేదో" అన్నట్టుంది. ఒత్తిడి జీతాల తేదీదని మాస్టారు మొదటే చెప్పారుగా, అందుకని హ్యావ్ టు. ఇంకా వీలైతే "వీ" కూడా తీసెయ్, బరువంతా పేరోల్ మీద పెట్టు: "ది పేరోల్ హ్యాస్ టు బి లాక్డ్ దట్ ఈవెనింగ్." అప్పుడు నువ్వూ అడగట్లేదు, మీ కంపెనీ కూడా అడగట్లేదు, గడువే అడుగుతోంది.

#23 పాత_సుద్దముక్క

నైట్ డ్యూటీ గారికి పదికి పది. షల్ లేదు కాబట్టి కోయడానికి కూడా ఏమీ లేదు.

#24 వానచినుకు

అక్కా, మీరు చెప్పినట్టే మార్చి బుధవారం పంపాను. గురువారం పొద్దున్నే షీటు వచ్చింది, "విల్ డూ, సారీ ఫర్ ది డిలే" అని. మేనేజర్ కూడా చూశారు. పార్టీ బాకీ.

కానీ కొత్త చిక్కు. మా టీమ్‌లో ఒకరు వచ్చే నెల లండన్ వెళ్లాలి, నా పేరు అనుకుంటున్నారు. ఆ సంగతి ఆయనకెలా తెలిసిందో, ఈరోజు మెయిల్ చివర్లో రాశారు: "యూ మస్ట్ కమ్ టు డిన్నర్ విత్ అస్ వెన్ యూ ఆర్ హియర్." మస్ట్! ఇప్పుడు నేను ఆయనకి రిపోర్ట్ చేస్తున్నానా?

#25 పాత_సుద్దముక్క

లేదమ్మా. అది "మజ్జిగ తాగాలి మీరు"లో ఉన్న ఆలి. పెళ్లిపత్రికలో "మీరు తప్పక విచ్చేయాలి" అంటాం చూడు, అదే. అవతలివాడికి మేలు జరిగే పనికి మస్ట్ వాడితే అది ఆజ్ఞ కాదు, ఆదరం. అదే చోట "యూ మే కమ్ టు డిన్నర్" అని రాసి ఉంటే వెళ్లొద్దని చెప్పేవాణ్ణి.

#26 గోంగూర_65

వెళ్లేటప్పుడు గోంగూర పచ్చడి సీసా పట్టుకెళ్లండి. "యూ మస్ట్ ట్రై దిస్" అని చేతిలో పెట్టండి.